తీరికవేళ: అరలో కదలని సరుకు

గత సంచికలో ఈ శీర్షిక క్రింద క్వార్టర్ల పెరటిలో కూరగాయల పెంపకాన్ని గూర్చి ముచ్చటించుకొన్నాము. ఈ మారు పెరడు కూడ అక్కరలేని వ్యాసంగమొకటి మీ ముందుంచదలచాము. దీనికి కావలసినవి ఒక పొడుగు నోటుపుస్తకం, ఒక కలం, చదివి ఎన్నాళ్ళయినా మనసును వదలని ఒక కథ. ఆ కథ ముగిసినచోట "ఆ తరువాత ఏమైంది?" అని ప్రశ్నించుకొని, జవాబును మనమే వ్రాసుకోవడం ఈ వ్యాసంగం. దీనిని ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. మనం అభిమాన కథారచన అనుకొందాము.

పేరు కొత్తదే గాని పని పాతది. అమెరికాలో 1966లో స్టార్ ట్రెక్ అనే టెలివిజన్ ధారావాహిక మొదలు కాగా, మరుసటి సంవత్సరమే దాని అభిమానులు స్పాకనేలియా అనే పత్రికను స్వయంగా వెలువరించుకొన్నారు. మన సంగతి చూడబోతే ఇంకా వెనుకకు పోవాలి. అభిమన్యునికి బలరాముని కుమార్తె శశిరేఖనిచ్చి పెండ్లి చేయడం వ్యాసభారతంలో కనబడదు. అయినను 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రం చూసిన తెలుగువారికి శశిరేఖ లేని భారతం ఊహకందదు. రామాయణ స్త్రీలను తన దృష్టితో తిరిగి పలికించిన ఓల్గా 'విముక్త' కథలకు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అన్నిటినీ మించినది ఎఱ్ఱన ఉదాహరణ. నన్నయ పదునొకండవ శతాబ్దిలో అరణ్యపర్వం నడుమ వదలిన భారతాంధ్రీకరణలో, ఆ శేషభాగాన్ని పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించాడు. పూరించి, తన పేరిట గాక, నన్నయ ఏ రాజరాజనరేంద్రునికి అంకితమిచ్చాడో ఆయనకే అంకితంగా నిలిపాడు. ఎఱ్ఱనను అభిమాన రచయిత అనడం సాహసమే. కాని మరొకరి రచన ముందు ఎంత అణకువతో కూర్చోవాలో ఆయనను చూసి నేర్చుకోవచ్చును.

ఇంతకూ మా చిక్కు అణకువను గూర్చినది కాదు. ముగింపును గూర్చినది. ఈ వ్యాసంగంలో మొదలుపెట్టడం మహా సులభం. పాత్రలు సిద్ధంగా ఉంటాయి, వాటి మాటతీరు తెలిసియే ఉంటుంది. మొదటి పది పేజీలు నీళ్ళలా జారుతాయి. పదకొండవ పేజీ దగ్గర బండి ఆగుతుంది.

మా చిన్నతనంలో విజయనగరంలోని మా ఇంట కన్యాశుల్కం నాటకాన్ని మా అక్కయ్య పైకి చదివేది. మేము ఆమె ప్రక్కన కూర్చుండి వినేవారము. గిరీశం మాటలు ఆమె నోట వింటే ఇంటిల్లిపాదీ నవ్వేవారు. ఎనిమిదవ తరగతితో ఆమె చదువు మాన్పించారు. మమ్ములను పాలిటెక్నిక్ దాకా చదివించారు. ఆ రోజులలో అది ఎవరికీ తప్పుగా తోచలేదు, మాకును తోచలేదు. నాటకం చివర సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపి చదువు చెప్పించ నిశ్చయిస్తాడు. అక్కడికి వచ్చేసరికి మా అక్కయ్య ప్రతిసారీ పుస్తకం మూసి, "ఇంతకీ బుచ్చమ్మ చదువుకుందంటావురా?" అని అడిగేది.

ఉద్యోగంలో చేరి స్థిరపడిన తరువాత ఆ ప్రశ్నకు జవాబు వ్రాయ మొదలుపెట్టాము. బుచ్చమ్మ బండి ఎక్కింది. అంతే. మరొక పుస్తకంలో మధురవాణి కథ మొదలుపెట్టాము. ఇంకొక దానిలో కరటకశాస్త్రి. సంవత్సరాలు గడిచాయి. 2022 మే నెలలో అక్కయ్యకు రెండు కళ్ళకూ నీటికాసులు ముదిరినట్లు వైద్యులు చెప్పారు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదానిని చుక్కల మందుతో నిలుపుకోవలసినదేనని అన్నారు. ఆ ఆదివారం ఫోనులో ఆమె కంటి మాట ఎక్కువ ఎత్తలేదు. "బుచ్చమ్మని పూనా పంపిస్తానన్నావు, ఎంతదాకా వచ్చిందిరా?" అని మాత్రం అడిగింది.

మేము 31 సంవత్సరాలుగా స్టోర్సు విభాగంలో పని చేస్తున్నాము. మా కొలువులో ప్రతి వస్తువుకూ ఒక బిన్ కార్డు ఉంటుంది. వచ్చినది జమ, ఇచ్చినది ఖర్చు, మిగిలినది నిల్వ. ఏళ్ళ తరబడి ఎవరూ అడగని సరుకును నాన్ మూవింగ్ క్రింద చూపుతాము. అది స్థలం తింటుంది, పెట్టుబడిని బిగబట్టుకొంటుంది, తుప్పు పడుతుంది. ఆ రాత్రి మా పుస్తకాల అలమరను తెరచి, స్టోర్సు గుమాస్తా కన్నుతో మొదటిసారి లెక్క తీశాము. మొదలుపెట్టిన కథలు 11. ముగించినవి 2. కదలని సరుకు 9. పరుల అరలలో ఇంతటి నిల్వ కనబడితే మేమే వివరణ కోరి ఉండేవారము.

2022 జూన్ 1వ తేదీన చిట్టా తెరచాము. తొమ్మిదింటిలో ఎనిమిదింటిని కట్టగట్టి పైఅరలో పెట్టి, బుచ్చమ్మ ఒక్కదానికే కార్డు వ్రాశాము. గురి రోజుకొక పేజీ అని నిర్ణయించుకొన్నాము. 18 రోజులు సాగింది. 19వ రోజున యంత్రం ఒకటి చెడి విడిభాగాల కొరకు రాత్రంతా గోదాములో ఉండవలసివచ్చింది. మరునాడు చిట్టా తెరచి ఖాళీ గడి చూడగానే మనసు విరిగింది. వ్రతభంగమైన తరువాత ఇంకెందుకనిపించి 40 రోజులు పుస్తకం ముట్టలేదు.

ఆ సమయంలో మాకు చేయి అందించినవాడు ఒక పాత తపాలా ఉద్యోగి. ఆంథొనీ ట్రాలొప్ 1834లో ఇంగ్లండు తపాలా శాఖలో చేరి, 1867 వరకు ఉద్యోగం చేస్తూనే నవలలు వ్రాశాడు. జీవితం మొత్తంమీద 47 నవలలు. ఆయన మరణానంతరం 1883లో వెలువడిన ఆత్మకథలో తన లెక్కల రహస్యం చెప్పుకొన్నాడు. ఉదయం అయిదున్నరకే బల్ల ముందు కూర్చునేవాడు. తనను లేపి కాఫీ ఇచ్చే పనికి ముసలి నౌకరుకు సంవత్సరానికి 5 పౌనులు అదనంగా ఇచ్చేవాడు. మొదటి అరగంట ముందునాడు వ్రాసినది చదువుకొని, తరువాత గడియారం ఎదుట పెట్టుకొని కాలుగంటకు 250 మాటల చొప్పున వ్రాసేవాడు. ఉద్యోగరీత్యా రైలు ప్రయాణాలు తప్పనపుడు పెట్టెలోనే పెన్సిలుతో వ్రాస్తే ఆయన భార్య దానికి శుద్ధప్రతి తీసేది. ఇవన్నీ మెచ్చదగినవే. కాని మాకు పనికివచ్చినది మరొకటి. ఆయన దినచర్య పుస్తకం వారాలుగా విభజింపబడి ఉండేది. సగటున వారానికి 40 పేజీలు వ్రాసేవాడు. ఒక్కొక్క వారం అది 20కి పడిపోయేది, ఒక్కొక్క వారం 112కు పెరిగేది. హెచ్చుతగ్గులు రెండూ పుస్తకానికెక్కేవి.

రోజువారీ గురి గాజు గ్లాసు వంటిది, ఒకసారి జారితే అంతే. వారపు గురి ఇత్తడి చెంబు వంటిది, సొట్ట పడినా నీళ్ళు నిలుస్తాయి. అందుచేత గురిని వారానికి 4 పేజీలుగా మార్చుకొన్నాము. జనరల్ షిఫ్టుకు ముందు తెల్లవారుజామున 5 గంటల నుండి 5.45 వరకు కూర్చోవడం, మార్చి నెలలో సరుకు తనిఖీలున్నపుడు వారానికి ఒక్క పేజీతో సరిపెట్టుకోవడం అని షరతులు కూడ ముందే వ్రాసుకొన్నాము. పని ఒత్తిడి వచ్చిన తరువాత గురి తగ్గించుకొంటే ఓటమిగా తోస్తుంది. ముందే తగ్గించి ఉంచుకొంటే ఏర్పాటుగా తోస్తుంది.

మాటల లెక్క గూర్చి ఒక హెచ్చరిక. అమెరికాలో 1999లో 21 మంది మిత్రులు కలసి నెలరోజులలో నవల వ్రాసే పందెం ఒకటి మొదలుపెట్టారు. గురి 50,000 మాటలు, అనగా రోజుకు సుమారు 1,667. కాలక్రమాన అది లక్షలాది మందికి ప్రాకింది. దానిని నిర్వహించిన సంస్థ 2025లో మూతపడినా ఆ అంకె మాత్రం లోకంలో నిలిచిపోయింది. తెలుగులో వ్రాసేవారు ఆ అంకెను యథాతథంగా తలకెత్తుకోరాదు. 'వెళ్ళలేకపోయినవాళ్ళకు' అనేది మనకు ఒక మాట, ఆంగ్లంలో అదే అరడజను మాటలవుతుంది. మన లెక్కకు పేజీయే మేలు. గీతల పుస్తకంలో మీ దస్తూరితో పేజీకి ఎన్ని పంక్తులో మీకు తెలుసును, అది చాలును.

ఇక మా పొరపాట్లు. మొదటిది రైలు. చిట్టాలో 'వ్రాసిన పేజీలు' అనే గడి ఒక్కటే ఉండడం వల్ల ఆ గడిని నింపడమే పరమావధి అయినది. రైలు ప్రయాణ వర్ణన సులభం గనుక బుచ్చమ్మను బండిలో కూర్చోబెట్టి కిటికీలో కనబడిన ప్రతి తాటిచెట్టునూ వర్ణించాము. అయిదున్నర వారాలు, 22 పేజీలు. గురి తప్పలేదు. ఆదివారాలు ఫోనులో అక్కయ్యకు చదివి వినిపిస్తున్నాము. ఆరవ ఆదివారం ఆమె, "ఒరే, ఈ రైలు పూనా చేరేదేనా, లేక నా కళ్ళు పోయేదాకా తాటిచెట్లు చూపిస్తూ ఉంటావా?" అన్నది. ఫోను పెట్టి 22లో 17 పేజీలు కొట్టివేశాము. నాటి నుండి చిట్టాలో 'కొట్టివేసినవి' అని రెండవ గడి, 'మిగిలినవి' అని మూడవ గడి చేరాయి.

రెండవ పొరపాటు చెప్పుకొనడానికి సిగ్గుగా ఉన్నది. ఒక వారం రెండు రోజులు కూర్చోకుండానే గడులలో ఒక్కొక్క పేజీ వేశాము. రేపు వ్రాసి సరిపెట్టవచ్చునులే అనుకొన్నాము. రేపు రాలేదు, ఆదివారం వచ్చింది. అక్కయ్య కూర్చుండి ఉన్నది, చదవడానికి పేజీలు లేవు. పుస్తకపు నిల్వకు, గోదాములో ఉన్న సరుకుకు తేడా వస్తే ఏమవుతుందో ముప్పది ఏళ్ళుగా ఇతరులకు బోధించిన మాకు ఆనాడు నోట మాట రాలేదు. "ఈ వారం వ్రాయలేదక్కా" అని చెప్పాము. "అలాగా, అయితే పోయిన వారంది మళ్ళీ చదువు" అన్నది. అప్పటి నుండి చిట్టాకు తనిఖీ అధికారి ఆమెయే. వినేవారు ఒక్కరున్నా చాలును, అంకెలు అబద్ధమాడవు.

నాలుగవ గడి 'తెలుసుకోవలసినవి'. ఒకరి కాలంలోకి, ఒకరి ఊరిలోకి పోయి వ్రాసేటపుడు ఇది తప్పనిసరి. నాటకం మొదట ప్రదర్శింపబడిన 1892నే మా కథాకాలంగా ఎంచుకొని, బుచ్చమ్మను ధోండో కేశవ్ కార్వే హింగణే ఆశ్రమంలో చేర్పించి ఆరు పేజీలు వ్రాశాము. తీరా చూడగా కార్వే వితంతువుల ఆశ్రమాన్ని స్థాపించినది 1896లో, అది హింగణే గ్రామానికి తరలినది 1900లో. పండిత రమాబాయి శారదాసదనం 1889లో బొంబాయిలో మొదలై 1890లో పూనాకు వచ్చింది. కనుక బుచ్చమ్మ అక్కడికే పోవాలి. ఆరు పేజీలూ పోయాయి. ఆ వారం 'మిగిలినవి' గడిలో సున్న పడింది, కాని కథ ఒక అడుగు నేలమీద నిలబడింది. ఇటువంటి వారాలకు పక్కన చిన్న నక్షత్రం గుర్తు వేయడం అలవాటు చేసుకొన్నాము.

మూడవ పొరపాటు మిత్రులందరికీ వర్తించునది. మొదటి భాగానికి టైపు ప్రతి తీయించి మా క్లబ్బు గ్రంథాలయంలో ఉంచి, చదివినవారు సంతకం చేయడానికి ఒక కాగితం అంటించాము. ఇక ప్రతి సాయంత్రం అదే ధ్యాస. నాలుగు రోజులలో ఏడు సంతకాలు. అయిదవ రోజు ఏమీ లేదు. ఆ వారం మేము వ్రాసిన పేజీలు కూడ ఏమీ లేవు. పరుల మెప్పు వాన వంటిది, వస్తే సంతోషం. వర్షపాతాన్ని కొలవవచ్చునే గాని, దానిని గురిగా పెట్టుకొనరాదు. మన చేతిలో ఉన్నవి కూర్చోవడం, వ్రాయడం, కొట్టివేయడం, ముగించడం. చిట్టాలో ఈ నాలుగింటికే చోటు. కాగితం తీసివేశాము. ప్రతి మాత్రం అక్కడనే ఉంచాము.

మొదటి సంవత్సరాంతపు లెక్క ఇది. 52 వారాలలో గురి అందుకొన్నవి 34, కొంత వ్రాసినవి 11, ఖాళీ పోయినవి 7. వ్రాసిన పేజీలు 163, కొట్టివేసినవి 67, మిగిలినవి 96. ట్రాలొప్ ముందు ఇది చీమ అడుగు. కాని తొమ్మిది పుస్తకాలలో ఇన్నేళ్ళుగా మేము పోగుచేసిన దానికంటె ఎక్కువ. ఖాళీ వారాలు ఏడూ ఎక్కడ పడ్డాయో చూడగా, నాలుగు ఒక్కచోటనే ఉన్నాయి. బుచ్చమ్మ పలక పట్టవలసిన ఘట్టం దగ్గర. అక్కడ చేయి ఎందుకు ఆగినదో చిట్టా చెప్పలేదు. ఆగిన చోటు మాత్రం చూపింది. కారణం మాకు తెలియనిది కాదు. ఎనిమిదవ తరగతి పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టిన మధ్యాహ్నం మేమా ఇంట్లోనే ఉన్నాము. అటక మీదికి అందించినది మేమే.

ఆ ఘట్టం వ్రాయడానికి పదకొండు వారాలు పట్టింది. 2024 సంక్రాంతికి కథ ముగిసింది. శుద్ధప్రతి 141 పేజీలు. చివరి అధ్యాయంలో బుచ్చమ్మ తల్లి వెంకమ్మకు పూనా నుండి స్వహస్తాలతో మొదటి ఉత్తరం వ్రాస్తుంది. వెంకమ్మకు చదువు రాదు. తమ్ముడు వెంకటేశం దానిని తల్లికి చదివి వినిపిస్తాడు. అప్పటికి మా అక్కయ్యకు అచ్చక్షరాలు కనబడడం లేదు. పండుగకు విజయనగరం పోయి, ఆమె ప్రక్కన కూర్చుండి ఆ అధ్యాయం చదివాము. పూర్తయిన తరువాత కొంతసేపు ఊరుకొన్నది. మెచ్చుకొంటుందనుకొన్నాము.

"వెంకటేశం ఉన్నదున్నట్టు చదివాడంటే నేను నమ్మనురా," అన్నది. "వాడికి తగిలే మాట ఆ పిల్ల ఒకటి రాసే ఉంటుంది. అది మింగేసి చదివి ఉంటాడు. అది రాయి."

తిరిగి వచ్చిన వారం చిట్టాలో 2 పేజీలు వ్రాసినవి, 1 కొట్టివేసినది, 1 మిగిలినది. ఇపుడు కథ 142 పేజీలు. ఆ కొత్త పేజీలో బుచ్చమ్మ ఏమి వ్రాసినదో ఇక్కడ చెప్పము. అక్కయ్యకు మాత్రం మింగకుండా చదివాము.

ఈ వ్యాసంగం చేపట్టదలచిన మిత్రులకు, ముఖ్యంగా సెలవులలో ఉన్న విద్యార్థినీ విద్యార్థులకు నాలుగు మాటలు. ఒక్క కథకే కార్డు తెరవండి. గురిని వారానికి పెట్టుకోండి, మీకు సునాయాసం అనిపించినదానిలో సగమే పెట్టుకోండి. కొట్టివేసినదానిని కూడ లెక్కలో చూపండి. వినడానికి ఇంట ఒకరిని కుదుర్చుకోండి. తాతగారైనా సరే, పక్కింటి పిన్నిగారైనా సరే. ఒక చట్టపు విషయం కూడ గుర్తుంచుకోవాలి. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత జీవించి ఉన్నపుడు ప్రచురితమైన రచనపై హక్కు ఆయన మరణించిన తరువాత 60 సంవత్సరాల దాకా ఉంటుంది. గురజాడ 1915లో కీర్తిశేషులైనారు గనుక బుచ్చమ్మ విషయంలో మాకు ఇబ్బంది లేదు. నేటి రచయితల పాత్రలతో కథ అల్లి ఇంటివారికి వినిపించుకోవడం వేరు, అనుమతి లేకుండా అచ్చు వేసి అమ్మడం వేరు. రెండవదాని జోలికి పోకండి.

పైఅరలో కట్టగట్టిన ఎనిమిది పుస్తకాలలో మధురవాణిది గత నెల క్రిందికి దించాము. కార్డు తెరచి ఆరు వారాలైనది. అయిదు వారాలు గురి అందింది, ఒకటి ఖాళీ. మీలో ఎవరి అలమరలోనైనా కదలని సరుకు ఉంటే దాని లెక్క వ్రాసి ఈ శీర్షికకు పంపండి. ఎన్ని మొదలుపెట్టారో, ఎన్ని ముగించారో దాచకుండ వ్రాయండి. వచ్చే సంచికలో తపాలా బిళ్ళల సేకరణను గూర్చి కలుసుకొందాము.